మూడు రీడింగుల సారు

2022 యాసంగి కోతల కాలం. మిర్యాలగూడ శివారులో ఒక బియ్యం కంపెనీ ల్యాబులో నేను హెల్పర్‌ని. గేటులోకి వచ్చిన ప్రతి ట్రాక్టర్‌లో ఇనుప గొట్టం గుచ్చి వడ్ల శాంపిల్ తీయడం నా పని. దాన్ని మాయిశ్చర్ మీటర్‌లో పోసి తేమ చూడటం క్వాలిటీ ఇన్‌చార్జి పని. పదిహేడు శాతం దాటితే బండిని తిప్పి పంపాలి.

ఆ ఏడు ఇన్‌చార్జిగా యాదగిరి సార్ వచ్చారు. సూర్యాపేటలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పదిహేనేళ్లు కెమిస్ట్రీ చెప్పిన మనిషి. పిల్లలు చేరక అక్కడ ఆ గ్రూపే ఎత్తేశారు. ఇక్కడ మూడు నెలల ప్రొబేషన్, అంటే పని నచ్చితేనే ఉద్యోగం ఖాయం. ఇంట్లో చదువుకునే ఆడపిల్లలు ఇద్దరు.

కాలేజీ అలవాటు పోలేదు. ప్రతి శాంపిల్‌నూ మూడుసార్లు చూసి, మూడు రీడింగులూ కలిస్తేనే రాసేవారు. బండ్లు రోడ్డు దాకా నిలిచిపోయేవి.

"సారూ, వడ్లు సూస్తున్నవా, పరీక్ష పేపర్లు దిద్దుతున్నవా?" అని రైతులు నవ్వేవారు.

మేనేజర్ ఒకరోజు అందరి ముందే అన్నాడు. "ఇది కాలేజీ కాదు సార్. బండికి ఒక్క రీడింగు. కాదంటే నెలాఖరుకు ఖతం."

సార్ తల వంచుకున్నారు. నలభై అయిదేళ్లకు పలక పట్టినదాన్ని నేను. వచ్చిన పని పక్కన పెట్టి రాని పని మొదటి నుంచి నేర్చుకునేవాళ్ల సిగ్గు నాకు తెలుసు.

మర్నాడు ఒక్క రీడింగే. బండ్లు చకచకా కదిలాయి. మేనేజర్ టీ కూడా పంపాడు. మధ్యాహ్నానికి తేమ ఎక్కువని రెండు బండ్లు వెనక్కి పోయాయి. మూడోది త్రిపురారం రైతుది. మీటర్ పంతొమ్మిది చూపింది. నేను అలవాటు కొద్దీ ఒక గింజ ఒలిచి కొరికాను. టక్కుమంది.

"సార్, ఇవి ఎండిన వడ్లే. జర మళ్ల సూడుండ్రి."

"టైం లేదు సైదమ్మా."

రైతు ఆయన ముఖంలోకి చూశాడు. "మూడు రోజులు ఆరబోసిన సారూ. ఇంకెంత ఎండాలె, పేలాలయ్యేదాకనా?"

సార్ మళ్లీ పోశారు. పద్దెనిమిది. మళ్లీ పోశారు. పదిహేడున్నర. కలవని రీడింగులు చూసేసరికి ఆయనలోని లెక్చరర్ లేచాడు. మీటర్ గిన్నె విప్పారు. అడుగున పొద్దుటి తడి వడ్ల పొట్టు అంటుకుని ఉంది. తుడిచి పోస్తే మూడుసార్లూ పదహారే.

ఆ బండిని లోపలికి పంపి ఊరుకోవచ్చు. ఆయన ఊరుకోలేదు. వెనక్కి పోయిన ఇద్దరికీ ఫోన్ చేశారు. "మీ వడ్లు సరిగ్గ సూడలేదు. గిన్నె తుడవని తప్పు నాది. మళ్ల తీసుకరాండ్రి."

మేనేజర్ పరుగున వచ్చాడు. "మన తప్పు మనమే చెప్పుకుంటమా? మీ కన్ఫర్మేషన్ లెటర్ నా టేబుల్ మీదనే ఉన్నది సార్."

"ఉండనీయండి. ముందు ఆ బండ్లు రానీయండి."

ఒక బండే తిరిగొచ్చింది. రెండోది అప్పటికే వేరే మిల్లులో అమ్మడానికి కోదాడ దారి పట్టింది. లెటర్ రాలేదు. ప్రొబేషన్ ఇంకో మూడు నెలలు పెంచారు.

ఆ మూడు నెలల్లో సార్ నా దగ్గర గింజ కొరకడం నేర్చుకున్నారు. పన్నూ మీటరూ ఒకటే చెబితే ఒక్క రీడింగు. వెనక్కి పంపాల్సిన బండికి మాత్రం గిన్నె తుడిచి మూడు. బండ్లు ఆగలేదు, ఉద్యోగం నిలిచింది.

కొత్త పనిలోకి వచ్చేవాళ్లు పాత పనిని గేటు బయటే వదిలి రావాలని నేనూ అనుకునేదాన్ని. ఇప్పుడు అనుకోను. 'తిప్పి పంపే ముందు మూడుసార్లు' అన్న కాగితం మా ల్యాబు గోడ మీద ఇప్పటికీ ఉంది. సార్ చెబుతుంటే రాసింది నేనే.