ఈ వారం ఏం మానేశారు?

మా అక్క మొగుడు పరుగు మొదలుపెట్టింది కాలు కాపాడుకోవడానికి. వాళ్ల నాయన బోరబండలో కిరాణా కొట్టు నడిపేవాడు. షుగర్ ముదిరి ఆయన కాలు మోకాలి కింద దాకా తీసేశారు. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆయన గల్లా పక్కన స్టూలు మీద కూర్చుని, ఆ మొండిని లుంగీ కింద దాచుకుంటూ సామాన్లు అమ్మాడు. దానికి రోజూ కట్టు కట్టింది మా బావే. తనకీ షుగర్ ఉందని తేలిన రోజు బావ ఇంటికొచ్చి అన్నం ముట్టలేదట. అక్కతో ఒక్క మాటే అన్నాడట: "ఏమన్నా గానీ, నాయన లెక్క మాత్రం కూసోను."

కానీ చేసేది కూర్చునే ఉద్యోగం. రాయదుర్గంలో ఒక అద్దాల బిల్డింగులో టెస్టింగ్ మేనేజరు. ప్రగతి నగర్ నుంచి పోవడం, రావడం కారులో కూర్చునే. మధ్యలో టీలు, బిస్కెట్లు, ప్రాజెక్టు పూర్తయితే బిర్యానీ. గోళీలు వేసుకుంటూ అలాగే ఏళ్లు నెట్టుకొచ్చాడు. చివరికి ఆఫీసులో ఎవరో మా పరుగు బృందంలోకి లాక్కొచ్చారు. నేను అప్పటికే అందులో ఉన్నాను. హఫీజ్‌పేట్ నుంచి స్కూటీ మీద వచ్చి, అందరికంటే వెనక, ఆయాసపడుతూ పరుగెత్తేదాన్ని. సన్నబడటానికి కాదు. వారంలో ఒక్క గంటైనా ఎవరి మీదా అరవకుండా ఉండటానికి.

మా బృందానికి ఒక ఆచారం ఉంది. ఆదివారం పొద్దున కేబుల్ బ్రిడ్జి మీదుగా పరుగు పూర్తి చేసి, దుర్గం చెరువు పక్కన గుండ్రంగా నిలబడి కాళ్లు సాగదీస్తాం. అప్పుడు కోచ్ అడుగుతాడు. కోచ్ అంటే కోచ్ కాదు, భీమవరం నుంచి వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ ఆయన. ఆ పదవి ఆయనకు ఎవరిచ్చారో ఎవరికీ తెలీదు. "చెప్పండి సార్, ఈ వారం ఏం మానేశారు?" అని ఒక్కొక్కరినీ అడుగుతాడు. ఒకరు అన్నం మానేశానంటారు, ఒకరు చక్కెర, ఒకరు పాలు, ఒకరు గోధుమ. చెప్పినవాళ్లకి అందరూ చప్పట్లు కొడతారు. ఒకావిడ ఉప్పు మానేసి, కొన్నాళ్లకు కళ్లు తిరిగి మెట్రో స్టేషన్ మెట్ల మీద పడింది. తర్వాతి వారం ఆమెకి చప్పట్లు ఇంకా గట్టిగా కొట్టారు. నా వంతు వస్తే "నేనేం మానలేదండి, ఈ వారం రెండు ఇడ్లీలు ఎక్కువే తిన్నాను" అనేదాన్ని. నవ్వేవాళ్లు. మా అమ్మ ఉపవాసం ఉంటే దేవుడికి చెప్పుకునేది, మేం కోచ్‌కీ, బృందం వాట్సాప్‌కీ చెప్పుకున్నాం. అంతే తేడా.

బావ మొదట అన్నం మానేశాడు. తర్వాత రొట్టె, పండ్లు, పప్పు. ఆ తర్వాత రోజుకి ఒక్కపూట తిండి, అదీ గుడ్లు, మటన్, వెన్న. మనిషి నిజంగానే తగ్గాడు. బుగ్గలు లోపలికి పోయాయి, ప్యాంట్లన్నీ నడుం దగ్గర బిగించి కుట్టించుకున్నాడు. మా ఇంట్లో పండక్కి అమ్మ పులిహోర వడ్డించబోతే పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టి "అది విషం అత్తమ్మా" అన్నాడు. అమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నాకు ఒళ్లు మండింది. "బావా, గా విషం తినే నీ పెండ్లాం నీకు ఇద్దరు పిల్లల్ని గన్నది" అన్నాను. "నీకు సమజ్ గాదులే మర్దలా, నువ్వు ఇడ్లీల పార్టీ" అని నవ్వేశాడు. ఆయన నవ్వితే కోపం నిలవదు, అదే మా ఇంటి ఖర్మ.

కొన్ని నెలలకి ఒక ఆదివారం కోచ్ అదే ప్రశ్న వేశాడు. బావ ఒక అడుగు ముందుకేసి, నడుం మీద చేతులు పెట్టుకుని, "షుగర్ గోళీలు మానేసిన సార్. మొత్తం బంద్" అన్నాడు.

అంత గట్టిగా చప్పట్లు నేను ఆ బృందంలో ముందెప్పుడూ వినలేదు. ఒకాయన ఈల వేశాడు. "ఇది కదండీ అసలైన విజయం!" అన్నాడు కోచ్. చెరువు గట్టున నడకకొచ్చిన ముసలాళ్లు కూడా ఆగి చూశారు. నేను చప్పట్లు కొట్టలేదు. అక్కడే, అందరి ముందరే అరిచాను. "డాక్టర్‌ని అడిగినవా? ఎవరు చెప్పిండ్రు నీకు?"

"మిషన్ చెప్పింది" అన్నాడు. వేలి మీద సూది గుచ్చుకుని చూసుకునే మిషన్. "నంబర్ మంచిగున్నది. గోళీ దేనికి మరి?"

"ఆ నంబర్ గోళీ వల్ల కాదా?"

"జర ఊకో. నా ఒంటి సంగతి నాకు ఎరుకే."

బావ పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు. అదే రోజు అక్కకి చెప్పాను. అక్క ఏడ్చింది, పోట్లాడింది, అలిగి మాట్లాడటం మానేసింది. ఆయన ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, వేలు గుచ్చుకుని నంబర్ చూపించాడు. నిజంగానే బాగుంది. అక్క నాకు ఫోన్ చేసి, "మంచిగనే ఉన్నది గదనే, నువ్వు ఊకె పరేషాన్ చేస్తున్నవ్" అంది. ఆ తర్వాత కొన్నాళ్లకి ఆయన గుచ్చుకోవడం కూడా ఆపేశాడు. తగ్గిపోయిన జబ్బుకి పరీక్ష ఎందుకు? మిషన్ డ్రాయర్‌లోకి పోయింది.

ఇంకో సంగతి ఉంది. బావకి నొప్పి తెలిసేది కాదు. మాకు మోకాళ్లు పట్టేసేవి, కాలిగోళ్లు నల్లబడేవి, పొక్కులు లేచేవి. ఆయనకి ఏమీ ఉండేది కాదు. ఎండకి కాలుతున్న సిమెంటు మీద చెప్పుల్లేకుండా నిలబడి మాట్లాడేవాడు. "దూది మీద నడిచినట్టుంటది" అనేవాడు. "సార్‌ది ఇనుప కాలండి" అని కోచ్ అందరికీ చూపించేవాడు. కొత్తగా చేరిన కుర్రకారు వచ్చి, నొప్పి రాకుండా ఏం తింటారు సార్ అని అడిగేవాళ్లు. వెన్న అని చెప్పేవాడు. వాళ్లు కూడా వెన్న తిన్నారు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు అంటారు, ఇక్కడ పులికే ఒళ్లు బాగాలేదు.

వానాకాలంలో ఊళ్లో పెద్ద పరుగు జరుగుతుంది. బావ పూర్తి మారథాన్‌కి పేరిచ్చాడు. ముందురోజు ఛాతీకి తగిలించుకునే నంబర్ కాగితం తెచ్చుకోవడానికి ఇద్దరం వెళ్లాం. అక్కడ షూ అమ్మే దుకాణాలు వరసగా పెట్టారు. పరుగు రోజున కొత్తది ఏదీ వేసుకోవద్దనేది పరుగెత్తేవాళ్ల మొదటి నియమం. మా కోచ్ కూడా చెవినిల్లు కట్టుకుని చెప్పేవాడు. కానీ ఒక షూ ఉంది, అరచేతిలో పెడితే బరువే తెలియదు. బావ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఒంట్లో తగ్గించడానికి ఏమీ మిగల్లేదు కాబోలు, ఇక కాలి మీద తగ్గించుకుందామనుకున్నాడు. ఆయన సైజు అయిపోయింది. ఒక సైజు చిన్నది ఉంది.

"వద్దు బావా, బిగుతైతది" అన్నాను.

వేసుకుని నాలుగడుగులు నడిచాడు. "ఏం లేదే, మంచిగనే సరిపోయింది. మనిషినే ఇంత తగ్గిన, కాలు తగ్గదా?" అన్నాడు. దుకాణం అబ్బాయి కూడా నవ్వాడు. నేనూ నవ్వాను. అంత బాగా అన్నాడు ఆ మాట.

పొద్దున్నే వాన మొదలైంది. మేం సగం దూరం వాళ్లం ముందే పూర్తి చేసి గచ్చిబౌలిలో ముగింపు గీత దగ్గర గొడుగు పట్టుకుని ఎదురుచూశాం. అక్క కూడా వచ్చింది. బావ వచ్చాడు, చేతులు పైకెత్తి, నవ్వుతూ, కుంటకుండా. మెడలో పతకం వేశారు. కూర్చుని షూ విప్పితే తెల్ల మేజోడు ముందుభాగం అంతా ఎర్రగా ఉంది. అక్క కెవ్వుమంది. బావ ఆశ్చర్యంగా చూసుకుని, "అరె, తెల్వనే లేదు" అన్నాడు. కోచ్ ఆ మేజోడు పక్కన పతకం పెట్టి ఫోటో తీసి బృందం వాట్సాప్‌లో పెట్టాడు. రోజంతా నా ఫోన్ మోగుతూనే ఉంది, దండాల బొమ్మలూ చప్పట్ల బొమ్మలూ.

బొటనవేలు పక్కన పొక్కు చిట్లింది, అంతే అన్నాడు. దాని మీద ఏదో పొడి చల్లి, మేజోడు తొడిగి ఆఫీసుకి పోయాడు. కడుపు మాడ్చుకుంటే పుండు తొందరగా మానుతుందని బృందంలో ఎవరో అంటే రెండు రోజులు మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. తర్వాతి ఆదివారం మళ్లీ పరుగుకి వచ్చాడు. నేను చూపించమంటే "చిన్న పొక్కుకి నీ ఫికర్ ఏందే" అని విసుక్కున్నాడు. బావ నా మీద విసుక్కోవడం అదే మొదటిసారి.

ఆ తర్వాత ఒకరోజు అక్క ఫోన్ చేసింది. "ఇంట్ల ఎలక సచ్చినట్టున్నదే, వాసనొస్తుంది. జర వచ్చి చూడు" అంది. సెలవే కదా అని వెళ్లాను. ఇద్దరం కలిసి ఫ్రిజ్ జరిపాం, బియ్యం డబ్బాల వెనక చూశాం, మంచం కింద, బీరువా వెనక చూశాం. ఎలక లేదు. అక్క ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని ఇల్లంతా తిరిగింది. వాసన ముందుగదిలో ఎక్కువగా ఉంది. బావ సోఫాలో పడుకుని, దుప్పటి కప్పుకుని, జ్వరంగా ఉందంటూ ఫోన్ చూసుకుంటున్నాడు. అక్క ఆయన కాళ్ల దగ్గరకొచ్చి ఆగింది. నా మొహం చూసింది. దుప్పటి తీసింది ఆవిడే, మేజోడు లాగింది నేను. మేజోడుతో పాటు తోలు కూడా వచ్చింది. బావ ఫోన్ లోంచి తల ఎత్తి, "ఏంది, ఏమైంది?" అని అడిగాడు.

దవాఖానలో డాక్టరమ్మ నెమ్మదిగా మాట్లాడే మనిషి. షుగర్ ఎంతుందో చూసి నర్సుతో ఏదో చెప్పి, బావ పక్కన కూర్చుంది. "కళ్లు మూసుకోండి. నేను మీ కాలికి తాకినప్పుడు చెప్పండి" అంది. బావ కళ్లు మూసుకున్నాడు. ఆమె మందంగా ఉన్న నైలాన్ దారం లాంటిదాన్ని అరికాలికి నొక్కింది, వేళ్లకి నొక్కింది, మడమకి నొక్కింది. బాగున్న ఎడమ కాలికి కూడా నొక్కింది. మేం చూస్తూనే ఉన్నాం. కొంచెంసేపటికి బావ కళ్లు తెరవకుండానే, "మొదలువెట్టండి డాక్టర్ గారూ" అన్నాడు.

అక్క బయటికి వెళ్లిపోయింది.

నరాలు ఎప్పుడో చచ్చిపోయాయండి, అంది డాక్టరమ్మ. ఏళ్ల తరబడి షుగర్ ఉంటే అలా అవుతుందట. గోళీలు మానేశాక ఇంకా దిగజారిందట. ఇనుప కాలు అని మేం చెప్పుకున్నది దాన్నే. మొదట వేలు తీశారు. చీము ఆగలేదు. తర్వాత పాదం సగం అన్నారు. చివరికి మోకాలి కింద దాకా, సరిగ్గా వాళ్ల నాయనకి తీసిన చోటే తీశారు. సంతకం పెట్టేటప్పుడు బావ ఎవరినీ చూడలేదు.

ఇంటికి తెచ్చాక బృందం వాళ్లు చూడటానికి వచ్చారు. బాదం పప్పు, వాల్‌నట్లు, చక్కెర లేని బిస్కెట్లు తెచ్చారు. కోచ్ మంచం పక్కన కూర్చుని, "బ్లేడు కాలు పెట్టుకుని పరుగెత్తేవాళ్లున్నారండి సార్, మీరు మళ్లీ వస్తారు" అన్నాడు. ఒకాయన బావని చూసి, దవాఖాన తిండితో కొంచెం ఒళ్లొచ్చినట్టుందే అన్నాడు. ఆ మాటకి నేను లేచి తలుపు తీసి పట్టుకున్నాను. "ఇగ పోండి" అన్నాను. ఎవరూ నొచ్చుకోలేదు, లేదా నొచ్చుకున్నా నాకు పట్టలేదు. వాళ్లంతా చెడ్డవాళ్లని నేననను. అదే నాకు మింగుడుపడనిది. చెడ్డవాళ్లయితే తిట్టుకుని పడుకునేదాన్ని.

వాళ్లు వెళ్లాక అక్క పళ్లెంలో కొంచెం అన్నం, పప్పు, సొరకాయ కూర పెట్టుకొచ్చింది. డాక్టరమ్మ రాసిచ్చిన కొలతే. బావ వద్దనలేదు. చిన్నపిల్లాడిలా కలుపుకుని తిన్నాడు, గోళీ వేసుకున్నాడు. కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ మంచం మీద పడుతోంది. దుప్పటి కింద ఒక కాలు పొడుగ్గా ఉంది, రెండోది మోకాలి దగ్గర దిగిపోయి, అక్కణ్నించి పరుపు చదునుగా ఉంది.

నేను బయల్దేరబోతుంటే బావ మొహం ఒక్కసారిగా మెలితిరిగింది. పళ్లు కొరుకుతూ మంచం పట్టె గట్టిగా పట్టుకున్నాడు.

"ఏమైంది బావా?"

"బొటనవేలు" అన్నాడు. "మంట. చానా నొస్తుంది."

ఎడమ కాలి వైపు చెయ్యి పెట్టబోయాను. తల అడ్డంగా ఊపాడు. "అది గాదు. ఇది." చదునుగా ఉన్న దుప్పటి వైపు చూపించాడు. ఆయన కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. ఇన్నేళ్లలో ఆ మనిషి నోట నొస్తుందన్న మాట వినడం నాకు అదే మొదటిసారి.

కాలు తీసేసిన వాళ్లకి అలా ఉంటుందని డాక్టరమ్మ ముందే చెప్పింది, కానీ వినడం వేరు. అక్క మంచం చివర కూర్చుని, పాదం ఉండాల్సిన చోట దుప్పటి మీద రెండు చేతులూ పెట్టి మెల్లగా పిసకడం మొదలుపెట్టింది. "ఇక్కడనా?" అని అడిగింది.

"జర కిందికి" అన్నాడు బావ.