సీతాఫల్‌మండి టైలర్ దగ్గర మూడో ట్రైనింగ్

నాకు నోరెక్కువ. చిన్నప్పుడు ఇంట్లో దీనికి తిట్లు పడేవి, ఇప్పుడు దీనికే జీతం వస్తోంది. చిన్న దుకాణాలు ఫోన్‌లో ఆర్డర్లు తీసుకునే యాప్ ఒకటి అమ్మే కంపెనీలో నేను క్లయింట్ ఆన్‌బోర్డింగ్ చేస్తాను. పేరు ఘనంగా ఉంటుంది గానీ పని ఇంతే: అమ్మేవాళ్ళు అమ్మేసి వెళ్ళాక, మనం దుకాణానికి వెళ్ళి, యజమానికి నేర్పి, తనంతట తాను నడుపుకునేదాకా తోడుండడం. కొత్తగా చేరినవాళ్ళు మొదటిసారి క్లయింట్ దగ్గరికి వెళ్తూ ఏం చేయాలక్కా అని అడుగుతుంటారు. వాళ్ళ కోసమే ఈ సీతాఫల్‌మండి ప్రయాణం రాస్తున్నాను.

అక్కడ ఖాజా భాయ్ అని ఒక లేడీస్ టైలర్ ఉన్నారు. ఇది రాయడానికి అనుమతి ఆయన్నే అడిగాను. మా వాళ్ళు ఇద్దరు విడివిడిగా వెళ్ళి నేర్పి వచ్చారు. రెండుసార్లూ అంతా అర్థమైందన్నారట, ఒక్క ఆర్డరూ తీసుకోలేదు. ఫోన్ చేస్తే ఎత్తరు. యాప్ కొనిచ్చింది పుణేలో ఉండే కూతురు. గిరాకీ పడిపోయింది, ఇలాగే ఉంటే నాన్న దుకాణం మూసేస్తాడు, ఇంకొక్కసారి ఎవరినైనా పంపండి అని ఆ అమ్మాయి బతిమాలింది. మా మేనేజరేమో ఆయనకు ఇష్టం లేనట్టుంది, ఈసారీ కాకపోతే ఖాతా మూసేద్దామన్నాడు. నేను వెళ్తానన్నాను. నా నోటి మీద నాకంత నమ్మకం.

మల్కాజ్‌గిరిలో పొద్దున తొమ్మిది దాటాక సికింద్రాబాద్ బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు జీరో టికెట్, కూర్చోవడానికి సీటు మాత్రం అదృష్టం. సికింద్రాబాద్ స్టేషన్‌లో ఎంఎంటీఎస్ టికెట్ ఐదు రూపాయలు, రైలు కోసం పావుగంట నిలబడ్డాను. సీతాఫల్‌మండి పక్క స్టేషనే, బ్యాగులో నీళ్ళ సీసా తీసి మూత పెట్టేలోపు వచ్చేస్తుంది. బయట ఆటో అతను యాభై అడిగాడు. దుకాణం ఎక్కడని అడిగితే తనే నవ్వి, గీడికే గదమ్మా, నడిచి పోండ్రి అన్నాడు. అంత నిజాయితీ ఉన్నవాడు యాభై ఎందుకు అడిగాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

వీధి మొదట్లో చాయ్ తాగుతూ ఖాజా భాయ్ గురించి కదిపాను. చాయ్ పోసే ఆయన మొహం చిట్లించాడు. "పని మంచిదే అమ్మా. మనిషికే జెర గర్వమెక్కింది. ఎన్కకెళ్ళి పిలిస్తే పలుకుతలేడు." ఓహో, ఇదా సంగతి అనుకున్నాను. గర్వం దించడం నాకు కొత్తేం కాదు.

తీరా చూస్తే గర్వం ఛాయలు కూడా లేవు. తెల్ల గడ్డం, మెడలో టేపు, స్టూలు తుడిచి మరీ కూర్చోమన్నారు. భార్య షమీమ్ పక్కనే గుండీలు కుడుతోంది. నేను మొదలుపెట్టాను. ఆయన ఫోన్ నా చేతిలో, తల ఫోన్‌లో, నోరు ఆగకుండా. ఆయన ప్రతి మాటకూ తలూపుతున్నారు. ఏదైనా అడిగితే మాత్రం జవాబు షమీమ్ నుంచి వస్తోంది. ఇంట్లో పెత్తనం ఈవిడదన్నమాట అని లోపల నవ్వుకున్నాను కూడా.

దుకాణం వెనకే రైలు పట్టాలు. పట్టాల పక్కన ఉండేవాళ్ళకు ఒక అలవాటుంది. రైలు వస్తే మాట ఎక్కడిదక్కడ ఆపేస్తారు, అది పోయాక ఆపిన చోటు నుంచే అందుకుంటారు. రైలు వచ్చింది. షమీమ్ ఏదో చెప్పబోయి ఆగింది. నేనూ ఆగాను, చూపు మాత్రం ఫోన్ మీదే ఉంది. దుకాణం అదిరిపోతుంటే, ఖాజా భాయ్ నా వైపు చూస్తూ తలూపుతూనే ఉండడం ఓరకంట కనబడింది. "సమజైందమ్మా, అంత సమజైంది," అన్నారు. రైలు వచ్చాక నేను ఒక్క మాట కూడా అనలేదు.

తలెత్తి షమీమ్ వైపు చూశాను. ఆమె సూది ఆపి తల దించుకుంది. నీళ్ళిస్తా రమ్మని లోపలికి పిలిచి, గొంతు తగ్గించి చెప్పింది.

"ఇనస్తలేదు చెల్లె ఆయనకు. ఏడాది దాటింది. బిడ్డకు సుత చెప్పలే. చెవులు పోయినయంటే చెప్పిందొకటి కుట్టిందొకటి అంటరు, ఎవరు గుడ్డ ఇయ్యరని ఒక్కటే పరేషాన్. నేను పక్కకు జరిగితే దుకాణం నడ్వదు. వరంగల్‌ల మా చెల్లెకు ఆపరేషనైతే సుత పోలే."

నాకు సిగ్గేసింది. అంతకంటే ఎక్కువ ఏడుపొచ్చింది. వీధంతా ఆయన్ని గర్విష్ఠి అంటోంది, మేము ఆఫీసులో మొండివాడన్నాం. ఆయనేమో చెవుడు అనిపించుకోవడం కంటే అదే నయమనుకుని ఆ మాటలన్నీ మోస్తున్నారు.

తిరిగి వచ్చి చెవుల ఊసెత్తలేదు. స్టూలు జరిపి, గుమ్మం వెలుతురు నా మొహం మీద పడి పెదాలు కనబడేలా ఆయన ఎదురుగా కూర్చున్నాను. ఫోన్ ఆయన చేతికిచ్చి నా చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. ఆయన తలెత్తి నన్ను చూసినప్పుడే ఒక మాట, అదీ చిన్నది, నెమ్మదిగా. మిగతాది తెర మీద తెలుగులో ఉంది, ఆయన చక్కగా చదువుతారు. నా జన్మలో అంత తక్కువ మాట్లాడిన పూట ఇంకోటి లేదు. గంట పట్టింది. తప్పు నొక్కినప్పుడల్లా నా వేళ్ళు లేచాయి, మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్నాను.

చివరికి ఫోన్‌ను వైబ్రేషన్‌లో పెట్టి, ఆయన గుడ్డ కత్తిరించే చెక్క బల్ల మీద ఉంచాను. మిషన్ దగ్గర కూర్చున్నప్పుడు కనబడేలా లైటు మెరవడం కూడా పెట్టాను. షమీమ్ పాత గిరాకీలకు దుకాణం లింకు పంపి, అన్నం చూడడానికి లోపలికి వెళ్ళింది. ఖాజా భాయ్ బల్ల మీద అరచెయ్యి ఆనించి కత్తెర అందుకున్నారు.

బల్ల సన్నగా వణికింది. ఆయన కత్తెర ఆపేశారు. చేతి వైపు చూసి, ఫోన్ వైపు చూసి, తీసి చదివారు. ఏడాదిగా రాని వెనక వీధి టీచరమ్మ, శుక్రవారానికి జాకెట్ ఇస్తారా అని అడిగింది. ఆయన ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టారు: ఇస్తా, కొలతకు ఆది జాకెట్ తీసుకొని రా. పంపించాక "షమీమ్" అని గట్టిగా కేకేశారు. ఆమె గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది. "ఆర్డరొచ్చింది. నీకంటే ముందల నాకే ఎరుకైంది," అన్నారు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది, ఆయన నవ్వుతున్నారు. భోజనం చేయందే కదలనివ్వలేదు. పప్పుచారు, పొట్లకాయ వేపుడు, ఆ వేపుడు ఎలా చేస్తారో అడగడం మరిచిపోయాను.

చేరిన కొత్తలో ఎంత తొందరగా నేర్పి బయటపడితే అంత పనిమంతురాలిననుకునేదాన్ని. క్లయింటు తలూపితే మన పని అయినట్టు కాదని ఆ పూట తెలిసింది. మర్యాద కొద్దీ ఊపుతారు, భయం కొద్దీ ఊపుతారు. ఇప్పుడు మా మేనేజరు కొత్తవాళ్ళకు నేర్పే పని నాకిచ్చాడు, నేను మొదటి రోజు వాళ్ళకు చెప్పేది ఇంతే, ఫోన్ మీ చేతిలో పెట్టుకోకండి. ఎదురుగా, వెలుతురులో కూర్చోండి. వారం తర్వాత ఖాజా భాయ్‌కి ఎలా ఉన్నారని మెసేజ్ పెట్టాను. షమీమ్ వరంగల్ పోయింది, నాలుగు రోజులుంటది, దుకాణం నడుస్తుంది అని జవాబొచ్చింది.

మీరు ఆ వైపు వెళ్ళి జాకెట్ కుట్టించుకోవాలనుకుంటే ఒక సలహా, ముందుగా ఫోన్ చేయకండి, యాప్‌లో ఆయన దుకాణం పేజీ తెరవండి. దుకాణం గురించి రాసుకునే చోట నేనేమీ రాయలేదు, షమీమూ రాయలేదు. ఆయనే ఎప్పుడో కూర్చుని రాసుకున్నారు: "నాకు చెవులు వినబడవు. మెసేజ్ పెట్టండి. కొలత తప్పదు."