దేవుని తలుపు దగ్గర బంట్రోతు

సహోదరులారా, సహోదరీలారా, ముప్పయ్యేళ్లు నేను దేవునికి భయపడ్డాను గానీ ఒక్క రోజు కూడా ఆయన్ని ప్రేమించలేదు! సంఘ పెద్ద నోట ఈ మాట వినడం మీకు కష్టమే, చెప్పడం నాకు ఇంకా కష్టం, అయినా చెప్పకుండా ఈ రోజు ఇంటికి పోను.

పెనుకొండలో ఒక ప్రభుత్వ ఆఫీసులో నేను బంట్రోతునని మీకందరికీ తెలుసు. అధికారి గది ముందు, సగం తలుపు పక్కన, స్టూలు మీదే నా వయసంతా గడిచింది. లోపల గంట మోగితే లేవాలి, ఎవర్ని పంపాలో ఎవర్ని ఆపాలో చూసుకోవాలి, అర్జీలు పట్టుకుని పల్లెల నుంచి వచ్చినవాళ్లు కాస్త గొంతు పెంచితే "ఏయ్, లోపల దొరగారుండారు!" అని కసరాలి. అట్లా కసిరీ కసిరీ, నాకు తెలియకుండానే పరలోకం కూడా ఆ వరండాలాగే తయారైపోయింది. లోపల పెద్ద కుర్చీలో దేవుడు, కళ్లెర్ర చేసి సంతకాలు పెడుతూ, బయట జనం, మధ్యలో తలుపు పట్టుకుని నేను! కుర్చీలో ఎవరుంటే వాళ్లను దేవుడే కూర్చోబెట్టాడని నమ్మేవాణ్ణి. ఎన్నికలై ప్రభుత్వం మారితే నా ప్రార్థనలో పేర్లు కూడా మారిపోయేవి. పేదవాడు ఏదో తప్పు చేసే పేదవాడయ్యాడని, అరిచేవాడు దేవుని మీదే తిరగబడుతున్నాడని ఇక్కడే నిలబడి ఎన్నిసార్లు చెప్పానో! మీరూ తలలూపారు.

తొంభైల చివర్లో ఒక ఎండాకాలం మన కాలనీ బోరు ఎండిపోయింది. ట్యాంకరు రాలేదు. ఆడవాళ్లంతా ఖాళీ బిందెలు తీసుకుపోయి బెంగళూరు రోడ్డు మీద కూర్చుంటే, ముందు వరసలో చెనక్కాయ కూలికి పోయే మన రూతమ్మక్క కనిపించింది. నాకు ఒళ్లు మండిపోయింది. దేవుని బిడ్డ అయ్యుండి రోడ్డెక్కుతుందా! పాస్టరుగారు ధర్మవరం నుంచి నెలకొకసారే వచ్చేవారు గనుక సంఘం నా చేతిలో ఉండేది. ఆ ఆదివారం అందరి ముందర ఆమె పేరు చదివి, రొట్టె, ద్రాక్షారసం ఇవ్వకుండా ప్రభువు బల్లకు దూరం పెట్టి, వెనక చెప్పులు విడిచే చోట కూర్చోమన్నాను. ఆమె కొంగు తల మీదికి లాక్కుని పోయి అక్కడ కూర్చుంది. నెలలు గడిచాయి, ఒక్క ఆదివారమూ మానలేదు.

ఆ రోజుల్లోనే నా చెవుల్లో గంట మొదలైంది. అన్నం తింటుంటే గంట, స్నానం చేస్తుంటే గంట, వాక్యం చదువుతుంటే గంట! అధికారి పిలవకుండానే ఉలిక్కిపడి లోపలికి దూరేవాణ్ణి, ఆయన రెండుసార్లు ఊరుకుని మూడోసారి సెలవు పెట్టి పొమ్మన్నారు. హిందూపురం డాక్టరు చెవిలో చుక్కలు వేశాడు, మాత్రలిచ్చాడు. ధర్మవరం ఉపవాస కూడికల్లో మూడు రోజులు బోర్లా పడి ఏడ్చాను. గంట ఆగలేదు. పైవాడే పిలుస్తున్నాడు, లోపలికి పోయానంటే నా పని అయిపోయినట్టే అని వణికిపోయేవాణ్ణి, మనిషిని సగమైపోయాను.

ఒక మధ్యాహ్నం మంచం మీద కళ్లు మూసుకుని పడి ఉంటే రూతమ్మక్క వచ్చింది. రావడానికి ఆమెకు మనసెట్లా ఒప్పిందో! నా తల దగ్గర నేల మీద కూర్చుని, పక్కింటి మనిషితో మాట్లాడినట్టు ప్రార్థన చేసింది.

"నాయనా, అన్నం తిన్నావా? మాతోపాటే రోడ్డు మీద ఎండలో కూర్చోనుండావు, నీకు గూడా గొంతు ఎండిపోయింటాది. ఈయప్ప నిన్ను చూసి భయపడతాండాడు. నువ్వు కొట్టేటోడివి కాదని ఈయప్పకు రోంత చెప్పు నాయనా."

దేవుణ్ణి అన్నం తిన్నావా అని అడగడం నేనెన్నడూ వినలేదు సహోదరులారా! ఆ మాట వింటూనే కళ్లు బరువెక్కాయి. కలలో మా ఆఫీసు వరండాలో నిలబడి ఉన్నాను. వరండాకు చివరే లేదు, తెల్లటి ఎండ పొగమంచులాగా లోపలికి వస్తోంది, గంట మోగుతూనే ఉంది. సగం తలుపు తోశాను. కుర్చీలో ఎవరూ లేరు! బల్ల మీద కాగితం లేదు, గంట లేదు. వెనక్కి తిరిగితే అర్జీలవాళ్ల మధ్య, గోడకు ఆనుకుని, కాళ్ల నిండా దుమ్ముతో ఒకాయన కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి కోప్పడలేదు. "ఎంతసేపట్నుంచి ఉన్నావయ్యా?" అని అడిగాను. "నువ్వు కూర్చోమన్నప్పట్నుంచి" అన్నాడు.

మెలకువ వచ్చేసరికి పక్కింట్లో సంకటి కెలుకుతున్న చప్పుడు వినపడింది. అంతే, ఇంకే చప్పుడూ లేదు. దేవునికే మహిమ! ఈ రోజు దాకా ఆ గంట మళ్లీ మోగలేదు.

తిరిగి ఆఫీసుకు పోయాక అర్జీలతో వచ్చే ముసలివాళ్లను నా స్టూలు మీద కూర్చోబెట్టాను. మరుసటి ఎండాకాలం నేను కూడా బిందె పట్టుకుని రోడ్డు మీద కూర్చున్నాను, నవ్వినవాళ్లు నవ్వారు. ఓటు వేసేటప్పుడు ఎవరు గట్టిగా కొడతారని చూడటం మానేసి, బయట నిలబడ్డవాళ్ల మాట ఎవరు వింటారని చూడటం నేర్చుకున్నాను. ప్రియులారా, మీ దేవుడి ముఖం ఎట్లా ఉందో ఒక్కసారి చూసుకోండి, మీరు సాటి మనిషిని చూసే చూపు అక్కడి నుంచే వస్తుంది. ఆయన్ని నమ్మండి, దగ్గరికి రండి, ఆయన కొట్టడు!

ఒక్కటి మిగిలింది. ఆమెను మళ్లీ బల్లకు పిలిచినప్పుడు "శిక్ష కాలం తీరింది" అన్నానే గానీ తప్పు నాదని చెప్పలేదు. క్షమించమని ఆమె ఇంట్లో, ఎవరూ లేకుండా చూసి అడిగాను. "పోనీలేప్పా, ఆ తలుపు కాడ నిలబడీ నిలబడీ అట్లయిపోయినావు" అని నవ్వింది. కానీ ఆమె పేరు చదివింది మీ అందరి ముందర గదా! ఇన్నేళ్లయినా ఆమె ఇంకా ఆ వెనకే కూర్చుంటోంది, గాలి బాగొస్తుందట.

రూతమ్మక్కా, నువ్వు లేవొద్దు. తప్పు నాది. నేనే అక్కడికి వస్తాండా.