బాబాయి కొట్టుకు నేను చేసిన అలంకారం

పందొమ్మిదేళ్ల వయసులో నాకు తెలియని విషయమంటూ లేదు. అప్పట్లో ఆ ధీమా ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, విజయవాడలో ఫ్యాషన్ డిజైనింగ్ రెండో సంవత్సరం చదువుతూ మా ఊరు ఆగిరిపల్లిలో బస్సు దిగినప్పుడల్లా ఊరంతా తప్పుడు రంగుల బట్టలు వేసుకుని తిరుగుతున్నట్టు కనిపించేది. మామిడి తోటలు కౌలుకు చేసే మా నాన్న నా చదువు గురించి ఎవరడిగినా "డిజైనింగ్ అండీ" అని అక్కడితో ఆపేసేవాడు (విన్నవాళ్లు ఇంజనీరింగ్ అనుకుంటే ఆయనకేమీ అభ్యంతరం లేదు). మా నాయనమ్మ మాత్రం "జాకెట్టు కుట్టడానికి నాలుగేళ్లేంటే? పక్కింటి పిల్ల నెలలో నేర్చేసుకుంది" అని సూటిగా అడిగేది.

ఆ వేసవిలో మాకొక ప్రాజెక్టు ఇచ్చారు. ఎవరికి వారు నిజమైన బట్టల కొట్టును ఒకదాన్ని ఒప్పించి, దాని ముందుభాగాన్ని కొత్తగా అలంకరించాలి. మా కాలేజీ మేడం స్వయంగా వచ్చి చూసి మార్కులు వేస్తారు. అందులో తప్పితే మూడో సంవత్సరంలోకి పోనివ్వరు. హనుమాన్ జంక్షన్‌లో మా బాబాయికి బట్టల కొట్టుంది. గుమ్మానికి వేలాడే నైటీలను రెండు చేతులతో పక్కకు తోసుకుంటూ గానీ అందులోకి వెళ్లలేం. మనిషి లోపలికి చేరాడో, మధ్యలో నైటీల్లో చిక్కుకున్నాడో బయటివాళ్లకు తెలిసేది కాదు.

"ఇవన్నీ తీసేయాలి బాబాయ్. ఖాళీ ఉంటేనే కన్ను ఆగుతుంది" అన్నాను, క్లాసులో విన్నది విన్నట్టుగా.

"కన్ను ఆగితే సరిపోద్దా అమ్మా, మనిషి ఆగాలిగా" అన్నాడాయన. అయినా అన్న కూతుర్ని కాదనలేక "ఒక్క పూటేగా, కానియ్" అన్నాడు.

మేడం వచ్చే రోజు తెల్లవారగానే మొదలుపెట్టాను. నైటీలు, లంగాలు, తువ్వాళ్లు అన్నీ వెనక గదిలోకి చేరవేశాను. ముందుభాగమంతా తెల్లటి దుప్పటి కట్టాను. దాని ముందు ఒకే ఒక్క బొమ్మను నిలబెట్టి, పసుపు రంగు నేత చీర కట్టడం మొదలుపెట్టాను. వెలుతురు మెత్తగా పడాలని షట్టరు సగానికి దించాను. (ఇప్పుడు ఈ వాక్యాలు రాస్తుంటే నాకే అర్థమవుతోంది. అప్పుడు అర్థం కాలేదు.) బాబాయి కాసేపు చూసి, ఆకలేస్తోందని టిఫిన్‌కి ఇంటికి వెళ్లాడు.

కాసేపటికి పక్కనున్న ఎరువుల కొట్టాయన షట్టరు కింద నుంచి వంగి వచ్చాడు. చెప్పులు బయటే విప్పాడు. దుప్పటి వంక, నా వంక చూసి నెమ్మదిగా అడిగాడు.

"ఎప్పుడు పోయాడమ్మా?"

నేను నోట్లో పిన్నీసులు పెట్టుకుని కుచ్చిళ్లు సరిచేస్తున్నాను. "ఇందాకే అండీ, ఏడింటికి."

"ఏమన్నా బాధపడ్డాడా?"

"లేదండీ. ఆకలేస్తుందన్నాడు, అంతే."

ఆయన కండువాతో కళ్లు ఒత్తుకుని బయటికి వెళ్లిపోయాడు. ఎంత సున్నిత మనస్కుడో అనుకుని నేను మళ్లీ కుచ్చిళ్లలో పడ్డాను. అరగంటలో కొట్టు ముందు పదిమంది దాకా పోగయ్యారు. నా అలంకారం చూడటానికే వచ్చారని మురిసిపోయి, ఇంకాస్త కనిపించాలని బొమ్మను పక్కకు జరిపాను. ఒకాయన దండ కూడా తెచ్చాడు. అది ఎవరికి వేయాలా అని ఆయన వెతుకుతుండగా, మా బాబాయి నాకు ఇడ్లీ పొట్లం పట్టుకుని స్కూటరు మీద వచ్చి దిగాడు.

దండ తెచ్చినాయన దాన్ని వెనక్కి దాచుకున్నాడు. చివరికి ఎరువుల కొట్టాయనే "నువ్వు పోలేదా?" అని అడిగాడు, కాస్త నిష్ఠూరంగా.

ఆ గొడవ సర్దుకునేలోపే ఇంకొకటి లేచింది. మనిషి పోలేదట, కొట్టు ఎత్తేస్తున్నాడట అని. మామిడి కోతలకు వెళ్తున్న ఆడవాళ్లు ఆటోలు ఆపించి మరీ దిగారు. ఎత్తేసే కొట్లో బేరం బాగుంటుందని వెనక గదిలో నేను దాచినవన్నీ వాళ్లే మోసుకొచ్చి కుప్పపోసుకున్నారు. ఒక ముసలావిడ తనకు బొమ్మ మీదున్న చీరే కావాలని పట్టుబట్టి విప్పించుకుంది. బాబాయి సిగ్గుపడి బొమ్మకు ఒక లుంగీ చుట్టాడు.

సరిగ్గా అప్పుడే మేడం వచ్చారు. లుంగీ కట్టుకున్న బొమ్మను, దాని పక్కనున్న నన్ను చూశారు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడ నన్ను దాటుకుని ముసలావిడ దగ్గరికి వెళ్లి "ఏం చూసి వచ్చారమ్మా ఈ కొట్టుకి?" అన్నారు.

"ఖాళీగా కనపడితేనమ్మా. ఏమయ్యిందో ఏంటోనని ఆగాను."

మేడం ఆ మాటను ఉన్నదున్నట్టు కాగితం మీద రాసుకుని, గట్టెక్కేటన్ని మార్కులు వేసి, పోతూ పోతూ రెండు నైటీలు బేరమాడి కొనుక్కున్నారు.

తర్వాత వారం పాటు మైలవరం దాకా ఉన్న ఖాతాదార్లందరికీ తాను బతికే ఉన్నానని, కొట్టూ ఉందని బాబాయి ఫోన్లు చేసి చెప్పుకోవాల్సి వచ్చింది. నేను తలవంచుకుని "క్షమించు బాబాయ్" అన్నాను.

"దేనికమ్మా? తను పోతే ఎవరెవరు వస్తారో చూసుకునే యోగం ఎవరికుంటది? పదిమంది వచ్చారు. ఎరువుల కొట్టోడు ఏడ్చాడంట కూడా" అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖంలో ఉన్న సంతోషాన్ని నేను తర్వాత ఏ కొనుగోలుదారు ముఖంలోనూ చూడలేదు. ఇప్పుడు నేను చాలా షోరూములకు అద్దాల వెనక అలంకారాలు చేస్తుంటాను. ఏదైనా చేయబోయే ముందు నలుగుర్నీ అడుగుతాను, భయపడతాను, రెండుసార్లు కొలుస్తాను. ఎవరి సలహా అడక్కుండానే కొట్టంతా ఖాళీ చేసేసిన ఆ పందొమ్మిదేళ్ల పిల్ల ఒక్క పూట వచ్చి నా దగ్గర పనిచేస్తే బాగుండునని మాత్రం అప్పుడప్పుడూ అనిపిస్తుంది.