నేను చంపిన వేమూరు కాలవ

పారే కాలవను ఒక్క ఊరగాయ సీసాతో చంపిన ఘనత నాది. ఎలాగో చెబుతాను, మీరు నవ్వుకోవచ్చు.

ఎనభైల చివర్లో తెనాలిలో బీయస్సీ చదువుతున్నాను. జువాలజీ మాస్టారు ప్రాజెక్టు ఇస్తూ, "నీళ్లలో రకరకాల పురుగులు బతుకుతుంటే కాలవ ఆరోగ్యంగా ఉన్నట్టు. ఒకటి రెండు రకాలే మిగిలితే అనుమానించాలి" అన్నారు. నేను జల్లెడ పట్టుకుని బస్సెక్కి వేమూరు వెళ్లాను. కాలవలో బిందె ముంచుతున్న మరియమ్మ అనే కూలీ ఆవిడ నన్ను వింతగా చూసింది.

"ఏంటమ్మాయ్, మేం పురుగుల్ని వదిలేసి నీళ్లు తీసుకుంటాం. నువ్వు నీళ్లు వదిలేసి పురుగుల్ని తీసుకుంటున్నావే?"

లెక్క రేపు చూసుకోవచ్చులే అని, దొరికినవన్నీ ఒకే సీసాలో పోసి ఇంటికెళ్లి పడుకున్నాను. తెల్లారి చూస్తే నాలుగు పెంకుపురుగు పిల్లలే ఉన్నాయి. విందు భోజనం చేసిన మగపెళ్లివారిలా బద్ధకంగా తేలుతున్నాయి. మిగతావన్నీ మాయం. కాలవలో విషం కలిసిందని తేల్చేశాను. మాస్టారిని అడిగే ఓపిక ఎక్కడిది? మొదటి బస్సుకే మళ్లీ వేమూరు.

"పిన్నీ, ఈ నీళ్లు తాగొద్దు."

"నిన్న కూడా తాగామే."

"అందుకే చెబుతున్నా."

మరియమ్మ ముఖం పాలిపోయింది. "చదువుకున్న పిల్లవి, ఊరికే చెప్పవుగా" అని వీధంతా చాటింది. రెండు రోజులు ఆడవాళ్లంతా మైలు దూరంలోని బావి నుంచి బిందెలు మోశారు.

మూడో రోజు మాస్టారు సీసా ఎత్తి చూశారు.

"మిగతావి చచ్చిపోతే శవాలేవి?"

"తెలీదండి."

"అడుగున ఇదేంటి?"

"నలకలండి."

"నలకలు కాదు, పురుగుల డొల్లలు. ఈ నాలుగూ పక్కవాటిని పట్టుకుని రసం పీల్చేశాయి. అన్నిటినీ ఒకే సీసాలో పెట్టావా?"

"అవునండి."

"అయితే చచ్చింది కాలవ కాదమ్మా, నీ ప్రాజెక్టు."

మళ్లీ జల్లెడ పట్టుకుని వేమూరు వెళ్లి మరియమ్మకు నిజం చెప్పాను. ఆవిడ బిందెలు మోసిన నడుం పట్టుకుంది.

"పురుగులు ఆకలేసి తిన్నాయి. నువ్వు మమ్మల్నెందుకు నడిపించావమ్మా?" అని, నా చేతిలో జల్లెడ లాక్కుని కాలవలోకి దిగింది.

ఈసారి దేనికది విడిగా పెట్టాం. సీసాలు చాలక వీధిలోవాళ్లు గ్లాసులు తెచ్చిచ్చారు. సాయంత్రానికి పద్నాలుగు రకాలు తేలాయి. కాలవ నిక్షేపంగా ఉంది. నీళ్లు మాత్రం కాచుకునే తాగమన్న మాస్టారి మాట కూడా చెప్పి వచ్చాను.

ఆ తర్వాత పురుగుమందు కొట్టిన డబ్బాలు కడగడానికి ఎవరొచ్చినా మరియమ్మ గట్టు మీద అడ్డం నిలబడేదట. "అవతల కడుక్కోండి బాబూ. ఇందులో పద్నాలుగు కాపరాలున్నాయి."

ఇక ప్రాణమున్న ఏ రెండింటినీ ఒకేచోట పెట్టి నిద్రపోనని నేను ఒట్టు పెట్టుకున్నాను. మొన్న మా పిల్లలు చేపల్ని పెంచుకుంటామంటే, ఒక్కో చేపకూ ఒక్కో తొట్టె కొన్నాను.