అరగంట చప్పుడు

శంకర్రావు బండి ఇంటికొచ్చిన సంగతి ముంబయి కామాటిపుర తొమ్మిదో గల్లీలో ఎవరికీ తెలియదు. ఫోరస్ రోడ్డు వదిలి గల్లీలోకి తిరగగానే ఇంజన్ ఆపేసి, ఉన్న ఊపుతోనే వరుస గదుల చాల్ ముందు దాకా దొర్లించుకొస్తాడు. రాత్రి కాపలా కాసొచ్చి పగలు పడుకునే వాచ్‌మన్లుంటారు, పసిపిల్లలుంటారు, ఎందుకు వాళ్ళను లేపడం అంటాడు.

ఒక్క గది ఖోలీలో ఏడుగురి మధ్య పెరిగిన మనిషి. పక్క గదిలో దగ్గితే ఇక్కడ నిద్ర చెడే చాల్‌లో యాభై ఎనిమిదేళ్ళు గడిపి, ఒక్కరి చేత కూడా మాట పడలేదు. తన పెళ్ళి ఊరేగింపులో బ్యాండు వాళ్ళను గల్లీ మొదట్లోనే ఆపించాడని భార్య రాజవ్వ ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది. ఆ దెప్పుడు కూడా అతనికి మెచ్చుకోలులానే వినిపిస్తుంది, ఏం చేస్తాం.

ఇల్లు గడిచేది ఆ పాత డీజిల్ కారు మీదే. కామాటిపుర నుంచి, వర్లి చాళ్ళ నుంచి రోగులను ఆసుపత్రులకు చేరుస్తాడు. రెండు మూడు కిలోమీటర్లకు మించని తిరుగుడు. రెండు నెలలుగా స్టీరింగ్ ముందున్న పసుపు హెచ్చరిక దీపం వెలుగుతూనే ఉంది. ఆదివారం పొద్దున అది ఎరుపెక్కింది, బండి ఎంత తొక్కినా నడకవేగం దాటలేదు. ఎలాగో చాల్ ముందుకు చేర్చి మంగేష్‌ను పిలిచాడు. మంగేష్ ఆ గల్లీలోనే పుట్టి పెరిగిన మెకానిక్కు. బండి లోపం చూపే మెషీన్ తగిలించి చూసి తల పట్టుకున్నాడు.

"కాకా, పొగ పోయే దారిల ఒక ఫిల్టర్ ఉంటది. డీజిల్ మసిని బయటికి పోకుంట పట్టుకుంటది. నిండినంక బండే గరమ్ అయి దాన్ని కాల్చుకుంటది. గప్పుడు ఫ్యాన్ జోర్‌గ తిరుగుతది, కాలిన వాసనొస్తది. నువ్వెప్పుడు వినలేదా?"

"విన్న. మొదలుగాంగనే బంద్ చేస్త. మంది పరేషాన్ అయితరని."

"గందుకే జామ్ అయింది. సగం కాలంగనే ఆపినవ్, ప్రతిసారి."

రెండే దార్లున్నాయన్నాడు. ఫిల్టర్ లోపలి జాలీ కోసి పారేస్తే ఖాళీ డబ్బా మిగులుతుంది, దీపం రాదు, చప్పుడుండదు, మసంతా పొగలో పోతుంది. కానూన్ ఒప్పుకోదు గానీ చాలామంది చేయిస్తున్నారు. లేదంటే బండిని ఇక్కడే నిలబెట్టి, మెషీన్‌తో మసి కాల్పించాలి. అరగంట ఇంజన్ మొత్తుకుంటుంది.

"నడుమ ఆపితె ఇగ ఫిల్టర్ పోయినట్టె. కొత్తది కొనుడు నీతోటి గాదు."

ఫిల్టర్ పోతే బండి పోతుంది, బండి పోతే బతుకుదెరువు పోతుంది. అయినా శంకర్రావు మనసు ముందు జాలీ కోయించడం వైపే పోయింది. ఎవరికీ ఇబ్బంది ఉండదు కదా. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగింది. బండి నిలిపేచోట, కింది గదిలో ఉండే సుజాత తన గుమ్మంలో చీర ఉయ్యాల కట్టింది. నాలుగు నెలల బిడ్డ తల సరిగ్గా సైలెన్సర్ ఎత్తున ఉంది. చప్పుడు లేదు కాబట్టి ఆ పొగను ఎవరూ తిట్టరు, అంతే. శంకర్రావుకు నిజంగా సిగ్గేసింది.

కానీ అరగంట చప్పుడు చెయ్యాలంటే అందరినీ అడగాలి. ఒకరిని ఏదైనా అడగడం అతనికి చేతకాని పని. మెట్ల మీద రెండుసార్లు మాటలు కూర్చుకుని, పైగదిలో బియ్యం ఏరుతున్న ముసలి ముత్తమ్మ ముందు నిలబడ్డాడు.

"అత్తా, మధ్యాన్నం జర చప్పుడు చేస్త."

"ఏం చప్పుడు?"

"బండిది. అరగంట. సుజాత బిడ్డని గంత సేపు నీ దగ్గర పడుకోబెట్టుకుంటవా? కింద పొగ, వేడి ఉంటయ్."

ముత్తమ్మ చేట పక్కన పెట్టింది. "నీ గొంతు గింత సేపు వినుడు ఇదే మొదలు. తీస్కరా పో."

మిగతా పదకొండు గదులకూ వెళ్ళి చెప్పాడు. కొందరు తలూపారు, ఒకాయన విసుక్కున్నాడు. విసుక్కున్నా ఆకాశమేం విరిగి పడలేదు.

రెండింటికి మొదలైంది. ఇంజన్ గర్జనకు కిటికీ రెక్కలు వణికాయి. వసారాలో తలలు వరసకట్టాయి. స్టీరింగ్ ముందు కూర్చున్న శంకర్రావుకు చెమటలు పోస్తున్నాయి. పద్నాలుగు నిమిషాలు గడిచాయో లేదో, పైన బిడ్డ ఉలిక్కిపడి లేచి గుక్కపట్టింది. అతని చెయ్యి తనంతట తనే తాళం మీదికి పోయింది.

"కాకా," పైనుంచి సుజాత అరిచింది, బిడ్డను భుజాన వేసుకుని. "పిల్లని నేను చూస్కుంట. నువ్వు ఆపకు."

శంకర్రావు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఒకరికి భారం కాలేదని ఇన్నేళ్ళు గర్వపడ్డాడు. తనకోసం ఇంత ఓర్చుకునే మనుషుల మధ్యే ఉన్నానని ఈ రోజు దాకా తెలుసుకోలేదు.

ఇంకా పదహారు నిమిషాలున్నాయి. బిడ్డ ఏడుస్తూనే ఉంది. అతను రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.