కళ్లంలో కొరియన్ గడ్డి

ఉద్యాన అధికారిగా నా ఆఖరి పోస్టింగు చీపురుపల్లి దగ్గర. ఒక జూన్ మొదటి వారంలో చేరాను. చేరగానే ప్రభుత్వ విశ్రాంతి భవనం ముందు పచ్చిక పరిచే పని అప్పగించారు. సమీక్షా సమావేశంలో మా పై అధికారి, గడ్డి వేయడానికి కూడా ఆఫీసరు కావాలా అన్నారు. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

నేను ఎంచుకున్నది నర్సరీల వాళ్లు కొరియన్ గడ్డి అనే రకం. తూర్పు ఆసియా నుంచి మన దేశానికి వచ్చింది. ఆకు దారమంత సన్నం, అడుగు వేస్తే పరుపులా ఉంటుంది. దీన్ని విత్తనంతో పెంచం. పిలకలు విడదీసి బెత్తెడు దూరంలో గుచ్చుతాం. మట్టి పైన ఒక కాడ, లోపల ఒక కాడ పాకుతాయి. కణుపు కణుపుకూ వేరు పడుతుంది. అయితే గరికలా పరుగెత్తదు. ఏడాదికి జానెడు సాగితే గొప్ప.

మరుసటి ఏడాది వరికోతల ముందు, భవనం కంచె అవతలి రైతు సూర్నాయుడు ఆఫీసుకు వచ్చాడు. నూర్పిడికని పేడతో అలికి సిద్ధం చేయాల్సిన కళ్లం సగం గడ్డి కమ్మేసిందట.

"ఏటి బాబూ, సర్కారు గడ్డికి మా కల్లమే దొరికినాదా? ధాన్యం ఎక్కడ పొయ్యమంతారు, నా నెత్తిమీదా?"

నేను బదులు చెప్పేలోపే పై అధికారికి ఫిర్యాదు వెళ్లింది. గడ్డిని అదుపు చేయనందుకు సంజాయిషీ ఇమ్మని నాకు మెమో వచ్చింది.

మర్నాడు పొద్దున్నే కళ్లం చూడబోయాను. జానెడు పాకవలసిన గడ్డి గడ్డిమేటు దాకా ఉంది. పైగా వరుసల్లో, బెత్తెడేసి దూరంలో. పాకే గడ్డికి వరుసలు తెలియవు. మేటు చాటున సూర్నాయుడి భార్య పైడమ్మ గొంతుక్కూర్చుని ఉంది. ఒళ్లో పిలకలు. నన్ను చూసి కొంగు కప్పేసింది.

"అరికాళ్లు మంట బాబూ. రాత్రంతా నిప్పులమీద నిలబడ్డట్టు ఉంతాది. మీ గడ్డిమీద ఒకనాడు నడిసినాను, సల్లగా పేనం లేసొచ్చినాది. సర్కారుది కదా, అడిగితే కేసు ఎడతారని అడగనేదు. మా ఆయనకి సెప్పకు బాబూ. కల్లం పాడు సేసినానంతే ఊరుకోడు."

ఆ ఒక్క మాట సంజాయిషీలో రాస్తే మెమో రద్దయ్యేది. సమావేశంలో నవ్విన వాళ్ల నోళ్లూ మూతపడేవి. నేను రాసింది ఇంతే: గడ్డి సరిహద్దు దాటిన మాట వాస్తవం; కంచె వెంట కందకం తవ్విస్తున్నాను. నిర్లక్ష్యం వహించానని సర్వీసు రిజిస్టరులో ఎక్కించారు.

కళ్లంలో ఇక నాటవద్దని పైడమ్మకు చెప్పాను. సూర్నాయుడికి మాత్రం, నూర్పిడికి కావలసినంత మేర లోతుగా చెక్కి ఏరేయమని, కంచె వైపు మిగిలే గడ్డి పట్టీని కదపవద్దని, తెగిన ప్రతి ముక్కా మళ్లీ మొలుస్తుందని చెప్పాను. అందులో అబద్ధం లేదు.

"గడ్డి పెంచడం వచ్చు గానీ సంపడం రాదేటి? మీ సదువు సంతకెళ్లా!" అన్నాడు. అదీ మరిచిపోలేదు.

నూర్పిళ్లయ్యాక ఒక సాయంత్రం కందకం చూడటానికి వెళ్తే, సూర్నాయుడు భార్య మోచెయ్యి పట్టుకుని ఆ పట్టీ మీద నడిపిస్తున్నాడు.

"ఒసే, మట్టిమీదికి పోతావేటి? ఇటు, గడ్డిమీద నడు. తెచ్చి నాటినదానివి నువ్వే కదా!"

ఆవిడ నవ్వుతోంది. నన్ను చూసి అతను మొహం తిప్పుకున్నాడు. ఎప్పుడు తెలిసిందో నేను అడగలేదు, అతనూ చెప్పలేదు. ఫిర్యాదు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఆ రిమార్కు కొట్టేయమని రిటైరయ్యాక కూడా అర్జీలు పెట్టాను, ఇంకా పెడతాను. కారణం మాత్రం ఎందులోనూ రాయలేదు. ఈ గడ్డి గురించి నేను నేర్చుకున్నది ఒకటే: అది తనంతట తాను కంచె దాటి అంత దూరం పోదు. పోయిందంటే అవతల ఎవరికో అవసరం పడింది. పెరికించే ముందు ఆ ఎవరో కనుక్కోవాలి.